బుట్టలో వేసిందే కంచంలోకొస్తుంది

పురుగు అనే మాట వింటే మనకి ముందు గుర్తొచ్చేది బియ్యం డబ్బా. తరవాత బొంబాయి రవ్వ, సెనగపిండి, వంకాయ. మన సంసారాల్లో సగం యుద్ధం పురుగులతోనే గడిచిపోతుంది. బియ్యంలో వేపాకు వేస్తాం, కందిపప్పు ఎండలో పోస్తాం, రవ్వ వేయించి డబ్బాకెత్తుతాం, కాలీఫ్లవర్‌ని ఉప్పు వేసిన వేడినీళ్ళలో ముంచుతాం. అలాంటి మన దగ్గరికి ఎవరైనా వచ్చి "పురుగుల్ని పెంచండమ్మా, చాలా మంచిది" అంటే ఎలా ఉంటుంది చెప్పండి?

అయినా ఈరోజు నేను ఆ పురుగుల తరఫునే మాట్లాడబోతున్నాను. మిగిలిపోయిన తిండిని, కూరగాయల తొక్కల్ని పురుగులకి మేపి, ఆ పురుగుల్ని కోళ్ళకి, చేపలకి, రొయ్యలకి మేతగా వేయడం, వాటి కింద మిగిలిన పొడిని పొలానికి ఎరువుగా చల్లడం మంచి పని అని నా నమ్మకం. కాకపోతే దీని గురించి రాసేవాళ్ళూ, వీడియోలు చేసేవాళ్ళూ అందరూ షెడ్డు దగ్గర మొదలుపెడతారు. అసలు పని మన వంటింటి చెత్తబుట్ట దగ్గర మొదలవుతుంది. ఆ బుట్ట దగ్గర పని ఎవరిదో తేల్చకుండా ఈ ముచ్చట ముందుకి సాగదు. నేను చెప్పదల్చుకున్నది అదే.

ముందు ఆ పురుగుని కాస్త పరిచయం చేస్తాను. పేరు బ్లాక్ సోల్జర్ ఫ్లై. పొట్టిగా బీఎస్‌ఎఫ్ అంటారు. "బీఎస్‌ఎఫ్ గురించి చదువుతున్నానండీ" అని మావారితో అంటే, సరిహద్దులో ఏం గొడవైందో అని టీవీ పెట్టారు. పుట్టిల్లు అమెరికా ఖండాలైనా ఇప్పుడు వేడి ప్రదేశాలన్నిట్లోనూ ఉంది, మన దగ్గర కూడా. మిద్దెతోట పెంచే వాళ్ళందరూ దీన్ని ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. కంపోస్ట్ డబ్బా మూత తీస్తే గోధుమరంగులో, చిన్న చిక్కుడు గింజంత పొడుగున, చారలు చారలుగా కదులుతూ కుప్పలుగా కనిపిస్తాయే, చాలావరకు అవే. మా డబ్బాలోకీ ఎవరూ పిలవకుండానే వచ్చాయి.

తల్లి ఈగ నల్లగా, సన్నగా, చూడ్డానికి కందిరీగలా ఉంటుంది. కుట్టదు, కరవదు. పెద్దయ్యాక దానికి తిండి ధ్యాస దాదాపుగా ఉండదు. పిల్లగా ఉన్నప్పుడు తిని దాచుకున్న కొవ్వుతోనే వారం పది రోజులు బతికి, జత కట్టి, గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. తిండి అక్కర్లేదు కాబట్టి మన ఇంటి ఈగలాగా అన్నం మీదా పాయసం మీదా వాలదు. ఇంకో మంచి గుణం ఏమిటంటే, ఈ పురుగులున్న చోట ఇంటి ఈగలు పిల్లలు పెట్టడం బాగా తగ్గిపోతుంది.

ఒక్కో తల్లి ఐదారు వందల గుడ్లు పెడుతుంది. నాలుగు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అప్పుడు మొదలవుతుంది తిండి. కంటికి ఆనని పురుగు రెండు వారాల్లో రెండు సెంటీమీటర్లవుతుంది. ఎదిగాక ముదురు రంగుకి తిరిగి, తినడం మానేసి, తడి చోటు వదిలి పొడి చోటు వెతుక్కుంటూ తనంతట తనే పైకి పాకుతుంది. అందుకని తొట్టికి ఒక పక్క ఏటవాలుగా దారి పెడితే అవే నడిచొచ్చి బకెట్‌లో పడతాయి. పొద్దున్నే లేచి తన కంచం తను తీసుకెళ్ళి సింక్‌లో పెట్టే పిల్లాడిలాగా అన్నమాట. అలాంటి పిల్లాడు మీ ఇంట్లో ఉంటే మీరు అదృష్టవంతులు.

స్విట్జర్లాండ్‌లో ఈవాగ్ అనే నీటి పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళు ఇండోనేషియాలో ఈ పని చేసి చూసి, 2017లో ఎవరికైనా అర్థమయ్యేలా ఒక చేతిపుస్తకం వేశారు. అందులో లెక్క మన ఆడవాళ్ళకి నచ్చే లెక్క. ఒక వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే, ఐదు రోజుల వయసున్న పదివేల పురుగులు, 15 కిలోల తడిచెత్త, 12 రోజులు. అంతే. పన్నెండు రోజుల తరవాత ట్రేలో బలిసిన పురుగులూ, నల్లటి తేలికపాటి ఎరువూ మిగులుతాయి. చెత్త బరువు సగానికి పైగా తగ్గిపోతుంది.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదికలో మన దేశంలో ఇళ్ళ నుంచి మనిషికి ఏడాదికి 55 కిలోల తిండి చెత్తలోకి పోతోందని వేశారు. తొక్కలూ, టెంకలూ, ఎముకలూ కలుపుకునే ఈ లెక్క. నలుగురున్న ఇంటికి 220 కిలోలు. రోజుకి ఆరువందల గ్రాములు. యాభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి రోజుకి 30 కిలోలు, అంటే రెండు ట్రేలు. ఒక్కో ట్రే పన్నెండు రోజులు ఉండాలి కాబట్టి మొత్తం ఇరవై నాలుగు ట్రేలు. కారు పార్కింగ్ ఒకటి ఖాళీ చేస్తే ఒక రాక్‌లో సరిపోతాయి. ఏ ఎకరాలూ అక్కర్లేదు.

అదే చెత్త ఊరి చివర డంపింగ్ యార్డుకి పోతే గుట్టల కింద గాలాడక కుళ్ళి మీథేన్ అవుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే చాలా ఘాటైన వాయువు. హైదరాబాద్‌లో ఉన్న వాళ్ళకి జవహర్‌నగర్ పేరు చెబితే చాలు, వాసన గుర్తొస్తుంది. మనం మూట కట్టి గుమ్మం బయట పెట్టిన దానితో పాటు ఎవరో కాపురం చెయ్యాల్సి వస్తోంది.

ఇక మేత సంగతి. మాది గోదావరి జిల్లా. మా తమ్ముడికి భీమవరం పక్కన రొయ్యల చెరువుంది. వాడు ఫోన్ చేస్తే కుశల ప్రశ్నలు రెండు నిమిషాలు, మేత ధర ఇరవై నిమిషాలు. దేశంలో రొయ్యల సాగులో మొదటి స్థానం ఆంధ్రదే, ఆ సాగులో సగానికి పైగా ఖర్చు మేతకే పోతుంది. ఆ మేతలో మాంసకృత్తుల కోసం కలిపేది ప్రధానంగా చేపపిండి, సోయాపిండి. చేపపిండి అంటే సముద్రంలో చిన్న చేపల్ని టన్నుల కొద్దీ పట్టి, ఎండబెట్టి, పొడి చేసిందే. ఒక చేపని పెంచడానికి ఇంకో చేపని పట్టడం! ఎండబెట్టిన బీఎస్‌ఎఫ్ పురుగులో దాదాపు నలభై శాతం మాంసకృత్తులు, ముప్పై శాతం దాకా కొవ్వు ఉంటాయి. చేపపిండిలో కొంత భాగం బదులు దీన్ని వాడొచ్చని చాలా దేశాల్లో చేసి చూశారు. చెన్నైలో ఉప్పునీటి జలచరాల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిబా కూడా రొయ్యల మేతలో దీని మీద పరిశోధన చేస్తోంది. మా తమ్ముడు మాత్రం "ధర తగ్గాక చెప్పక్కా" అన్నాడు. వాడి బాధ వాడిది.

నిజానికి ఇది మనకి మరీ కొత్తా? మా అమ్మమ్మగారింట్లో పెరట్లో పెంటకుప్ప ఉండేది. పేడ, బూడిద, తొక్కలు అన్నీ దాని మీదే. కోళ్ళు పొద్దున్నే వెళ్ళి దాన్ని కెలికి పురుగుల్ని ఏరుకు తినేవి. ఆ కోళ్ళ గుడ్లే మాకు పెట్టేవారు. వేసవి దుక్కికి ముందు ఆ కుప్పంతా బండి మీద పొలానికి వెళ్ళేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, మిగిలిన అన్నం కుడితి తొట్టిలోకి, అక్కణ్ణించి గేదె కడుపులోకి. మొత్తం ఊళ్ళో ఒక్క చెత్తబుట్ట ఉండేది కాదు. ఇవాళ సైంటిస్టులు చేస్తున్నది ఆ పెంటకుప్పకి ట్రేలు, లెక్కలు, శుభ్రం అమర్చడమే. నాటుకోడి గుడ్డుకి రెట్టింపు ధర ఇచ్చి కొనే మనం, పురుగు తిన్న కోడి అంటే మొహం చిట్లించడంలో అర్థం లేదు.

ఇంతవరకు అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. ఇక్కణ్ణించి ఎవరూ చెప్పని సంగతి.

ఈ పురుగు ఏది వేసినా తింటుంది అని గొప్పగా చెబుతారు. నిజమే, తిండి విషయంలో దానికి పేచీ లేదు. అన్నం, కూర, పండు, చేప తల, ఏదైనా సరే. కొబ్బరి డొక్కలు, టెంకలు, ఎముకలు తప్ప. కానీ చెత్తలో కాడ్మియం లాంటి విషపు లోహం ఉంటే అది పురుగు ఒంట్లో పేరుకుంటుంది. పాత రకం రీచార్జబుల్ బ్యాటరీల్లో ఉండేది అదే. పురుగు ఒంట్లో ఉన్నది కోడికి, చేపకి మేతగా వెళ్తుంది. అక్కణ్ణించి ఎక్కడికి వెళ్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లాడు బొమ్మ కారులోంచి తీసి తొక్కల్లో పడేసిన బ్యాటరీ, ఏదో ఒక రోజు ఎవరో పిల్లాడి ప్లేట్‌లో ఆమ్లెట్ దాకా రావచ్చు. డంపింగ్ యార్డుకి పంపినంత కాలం మన బుట్టలో ఏముందో మనకి పట్టలేదు. ఈ పురుగుల దారిలో మాత్రం బుట్టలో వేసింది తిరిగి కంచంలోకి వచ్చే అవకాశం ఉంది.

అందుకే యూరప్ వాళ్ళు ఇందులో చాలా జాగ్రత్తగా అడుగు వేశారు. వాళ్ళకి పాత దెబ్బ ఒకటి ఉంది. పశువుల మాంసం, ఎముకల పొడినే తిరిగి పశువులకి మేపడం వల్ల ఇంగ్లండ్‌లో పిచ్చి ఆవు వ్యాధి పాకింది. ఆ భయంతో పురుగుల పిండిని 2017లో చేపల మేతకి మాత్రం ఒప్పుకున్నారు, 2021లో కోళ్ళకీ పందులకీ ఒప్పుకున్నారు. అయినా వంటింటి చెత్త, హోటల్ ఎంగిలి మాత్రం ఆ పురుగులకి వేయకూడదని నియమం. పురుగుల కింది ఎరువుని కూడా 70 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచాకే అమ్మాలి. కొందరు దీన్ని అతి జాగ్రత్త అంటారు. అసలు తీసెయ్యాల్సిన చెత్తనే వాడకూడదంటే ఇక లాభమేమిటని వాళ్ళ వాదన. అదీ ఆలోచించాల్సిందే. నా మట్టుకి నాకు మధ్యేమార్గం ఒకటి కనిపిస్తోంది. ఎంగిలి, మాంసం కలిసిన చెత్తతో పెంచిన పురుగు ఎరువుకీ నూనెకీ పోవాలి. కూరగాయల మార్కెట్ తొక్కలు, పండ్ల రసం తీసిన పిప్పి లాంటి శుభ్రమైన వాటితో పెంచిన పురుగు మేతకి పోవాలి. రెండూ కలపకుండా చూసే పరీక్షలు, లైసెన్సులు మన దగ్గర గట్టిగా ఉండాలి. అది ప్రభుత్వం పని.

మరి మన పని? తడీ పొడీ వేరు చెయ్యడం. 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నియమాల్లోనే ప్రతి ఇల్లూ చెత్తని మూడుగా వేరు చెయ్యాలని పెట్టారు. తడి, పొడి, ప్రమాదకరం. చట్టంలో "ప్రతి ఇల్లూ" అని రాశారు. ఇల్లు చెత్త వేరు చెయ్యదు కదా. ఇంట్లో ఒక మనిషి చేస్తుంది. ఆ మనిషి ఎవరో మనకి తెలుసు.

మా అపార్ట్‌మెంట్ కమిటీ మీటింగ్‌లో ఈ బీఎస్‌ఎఫ్ మాట వచ్చింది. ఎవరో వీడియో చూసి తెచ్చారు. గంటసేపు చర్చ జరిగింది. షెడ్డు ఎక్కడ, ఖర్చు ఎంత, ఎరువు అమ్మితే ఎంతొస్తుంది, మెయింటెనెన్స్ తగ్గుతుందా. చాలా ఉత్సాహంగా మాట్లాడారు. నేను లేచి "అన్నీ బాగున్నాయండీ, మరి చెత్త వేరు చేసి ఇచ్చేదెవరు?" అన్నాను. ఒక పెద్దాయన నవ్వుతూ "దానికేముందమ్మా, ఇళ్ళల్లో లేడీస్ చూసుకుంటారు" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. మంచినీళ్ళు తాగినంత మామూలుగా అన్నారు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

"మా ఇంట్లో చెత్త నలుగురం చేస్తాం బాబాయిగారూ, వేరు చెయ్యడం మాత్రం నా ఒక్కదానికేనా?" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత టాపిక్ లిఫ్ట్ రిపేరుకి మారింది. బీఎస్‌ఎఫ్ సంగతి వచ్చే మీటింగ్‌కి వాయిదా పడింది. అది ఎప్పుడో ఇంకా తెలీదు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. రోజుకి పది నిమిషాల పనే. కానీ ఆ పది నిమిషాలు మనకి ఇప్పటికే ఉన్న ఎన్ని పది నిమిషాల మీద వచ్చి పడుతోంది? నీళ్ళ సీసాలు నింపడం పది నిమిషాలు, పెరుగు తోడెయ్యడం, పప్పు నానబెట్టడం, పాలవాడి లెక్క. ఎవరూ లెక్కెయ్యని పనులు. ఇప్పుడు భూగోళాన్ని కాపాడే పని కూడా ఆ జాబితాలోనే, జీతం లేకుండా. ట్రేలు అమ్మేవాళ్ళకి వ్యాపారం, మేత అమ్మేవాళ్ళకి లాభం, వీడియో తీసినవాళ్ళకి పేరు. మొదటి మెట్టు కట్టినావిడ పేరు ఎక్కడా ఉండదు.

మన కంటే కింద ఇంకొకరున్నారు. మనం వేరు చెయ్యకపోతే ఆ పని చేసేది చెత్త ఆటోలో వచ్చే ఆమె. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే ఆమె ఒకరోజు బొటనవేలికి గుడ్డ చుట్టుకుని కనిపించింది. ఏమైందమ్మా అంటే, కవర్ విప్పుతుంటే గడ్డం గీసుకునే బ్లేడు కోసిందట. ఆ బ్లేడు ఏ ఇంటిదో తెలీదు. ఏ ఇంటిదైనా దాన్ని అక్కడ వేసింది ఆ ఇంటి ఆడమనిషి కాదనుకుంటాను. మరి బుట్ట బాధ్యత మాత్రం మనదే ఎలా అయింది?

కెన్యా సంగతి చదివినప్పుడు నాకు ఈ విషయమే ఆసక్తిగా అనిపించింది. నైరోబీలో పురుగుల మీద పరిశోధన చేసే ఇసిపే అనే అంతర్జాతీయ సంస్థ ఉంది. వాళ్ళు చిన్న రైతులకీ, ముఖ్యంగా ఆడవాళ్ళకీ, కుర్రాళ్ళకీ ఈ పురుగుల పెంపకం నేర్పిస్తున్నారు. కోళ్ళు పెంచుకునే ఆవిడే తన మేత తను తయారు చేసుకుంటుంది. అదే నగరంలో సానర్జీ అనే సంస్థ మురికివాడల్లో మరుగుదొడ్లు పెట్టి, అక్కడి మలాన్నీ, ఊళ్ళోని తిండి చెత్తనీ సేకరించి పురుగులతో మేత, ఎరువు తయారుచేసే దాకా వెళ్ళింది. చెత్త ఎత్తే పనికి అక్కడ జీతం ఉంది. పని చేసిన చేతికి డబ్బు అందుతోంది. మన దగ్గరా అలా ఎందుకు ఉండకూడదు?

దీనికి ఎదురు కథ కూడా ఉంది. ఫ్రాన్స్‌లో ఇన్‌సెక్ట్ అనే కంపెనీ వేరే రకం పురుగుల్ని పెంచడానికి వందల మిలియన్ల డాలర్లు పోగేసి భారీ ఫ్యాక్టరీ కట్టింది. 2024 వచ్చేసరికి అప్పుల నుంచి కాపాడమని కోర్టు మెట్లెక్కింది. పురుగుల పని అంటేనే డబ్బు కురుస్తుందని చెప్పేవాళ్ళు ఎదురైతే ఈ కథ గుర్తు పెట్టుకోండి. మన స్వయం సహాయక సంఘాల అక్కచెల్లెళ్ళకి ఎవరైనా వచ్చి "లక్షలు సంపాదించొచ్చు, ముందు కిట్ కొనండి" అంటే, ముందు కొనేదెవరో, ఎంతకి కొంటారో కాగితం మీద రాయించుకోమనండి. ఈ పురుగులకి 25 నుంచి 30 డిగ్రీల వేడి హాయి. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద అవి బతకవు. పెట్టుబడి పెట్టే ముందు ఇలాంటివన్నీ అడగాలి.

మా అత్తయ్యగారికి ఇదంతా చెబితే ఓపిగ్గా విని, చివర్లో ఒకే మాట అడిగారు. "అది సరేనే అమ్మాయ్, ఆఖరికి వాటిని ఏం చేస్తారు?" వేడినీళ్ళలో వేసి ఎండబెడతారండీ అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "ఎన్ని ప్రాణాలో కదా" అన్నారు. ఈ ప్రశ్నని నేను తీసిపారెయ్యలేను. ఒక్క ట్రేలో పదివేలు. ఆవిడ శాకాహారి, పట్టుపురుగుల సంగతి తెలిశాక పట్టుచీర కొనడం కూడా తగ్గించేసిన మనిషి. నేను చెప్పగలిగింది ఒకటే: చేపపిండి కోసం పట్టే చేపలూ ప్రాణాలే. మనం గుడ్డు తిన్నా, చేప తిన్నా, ఎక్కడో ఒక ప్రాణం లెక్కలో ఉంటుంది. అది ఒప్పుకోలేని వాళ్ళకి మామూలు కంపోస్ట్ ఉంది, వానపాములున్నాయి. అదీ మంచి దారే. అందరూ ఒకే దారిలో వెళ్ళాలని లేదు.

ఆవిడే ఇంకో మాట అన్నారు, అది నాకు బాగా నచ్చింది. "పురుగులు తింటాయని చెప్పి అన్నం పారెయ్యకండే." నూటికి నూరుపాళ్ళు నిజం. చెత్తకి ధర వస్తుందంటే చెత్త చెయ్యడానికి భయం పోతుంది. ఇప్పటికే పెళ్ళిళ్ళలో చూస్తున్నాం, ముప్పై రకాలు, ప్లేట్లో సగం అలాగే. అడిగితే రేపు "ఏం పర్లేదు, పురుగులకి పంపిస్తాం" అంటారు. అదీ నాకు ఇష్టం లేనిది. పండించిన బియ్యం, పోసిన నీళ్ళు, కాల్చిన గ్యాస్, నిలబడి వండిన మనిషి ఓపిక, ఇవేవీ పురుగు తిరిగివ్వదు. వరస ఒకటి ఉండాలి. ముందు మనిషి, తరవాత పశువు, ఆ తరవాతే పురుగు, చివర్లో మట్టి. బీరకాయ తొక్కు పచ్చడి చేసిన జాతి మనది. రాత్రి అన్నం పొద్దున్నే తాలింపు వేసి, పుల్లమజ్జిగ అట్ల పిండిలో కలిపే తెలివి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ తెలివి దాటి మిగిలిందే పురుగుకి పోవాలి.

దక్షిణ కొరియా ఈ వరసని చట్టంతోనే నేర్పింది. 2005లో తిండి చెత్తని నేరుగా పూడ్చిపెట్టడం నిషేధించారు. 2013 నుంచి ఇళ్ళ దగ్గర తిండి చెత్తకి ఎంత వేస్తే అంత డబ్బు కట్టే పద్ధతి దేశమంతా పెట్టారు. పారేస్తే జేబు తడుముకోవాలి కాబట్టి, ఎక్కువ వండద్దని ఇంట్లో అందరూ అంటారు. మనింట్లో ఆ మాట అనేది ఎవరు? "ఇంత తక్కువ వండావేం, ఎవరైనా వస్తే?" అనే వాళ్ళే ఎక్కువ.

అందుకని నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. మన ఊళ్ళలో, అపార్ట్‌మెంట్లలో, రైతు బజార్ల వెనకాల, ఫంక్షన్ హాళ్ళ పక్కన ఈ ట్రేలు రావాలి. మార్కెట్ చెత్తతో మొదలెట్టాలి, ఎందుకంటే అక్కడ బ్లేడూ బ్యాటరీ ఉండవు. అక్కడ పనిచేసే వాళ్ళకి గ్లౌజులు, బూట్లు, నెల జీతం ఉండాలి. చెత్త ఏరే ఆడవాళ్ళకే ముందు ఆ ఉద్యోగాలివ్వాలి, ఎందుకంటే చెత్త గురించి వాళ్ళకి తెలిసినంత మనలో ఎవరికీ తెలీదు. ఇక ఇళ్ళల్లో వేరు చెయ్యడం ఇంటిల్లిపాదీ చెయ్యాలి.

మా ఇంట్లో నేను చేసింది చెబుతాను, గొప్పకి కాదు. మూడు బుట్టలు వంటింట్లోంచి తీసి డైనింగ్ టేబుల్ పక్కన పెట్టాను. వంటింట్లో ఉంటే అది నా బుట్ట, హాల్లో ఉంటే అందరి బుట్ట. ఎవరి కంచం వాళ్ళే తడిబుట్టలో దులపాలి. రాత్రి తడిబుట్ట కిందకి తీసుకెళ్ళడం మా అబ్బాయి వంతు, బ్లేడ్లు, బ్యాటరీలు, గడువు తీరిన మందులు పాత హార్లిక్స్ సీసాలో వేసి దాచడం మావారి వంతు. మొదటి వారం ఇద్దరూ సణిగారు. మా అబ్బాయి "వాసనమ్మా" అన్నాడు. "అవును, ఇన్నాళ్ళూ నాకూ ముక్కుంది నాన్నా" అన్నాను. ఇప్పుడు ఇద్దరూ చేస్తున్నారు. వారానికి రెండుసార్లు మర్చిపోతారు. మర్చిపోయిన రోజు నేను ఆ బుట్ట ముట్టుకోను. పొద్దున్నకి వాసనే వాళ్ళకి గుర్తు చేస్తుంది.

ఇంకో సంగతి గమనించాను. ఎవరి ఎంగిలి వాళ్ళు దులుపుకోవడం మొదలయ్యాక కంచాల్లో మిగలడం తగ్గింది. "కొంచెం వెయ్యమ్మా, కావాలంటే మళ్ళీ పెట్టుకుంటా" అనే మాట మా ఇంట్లో కొత్తగా వినిపిస్తోంది. నేను చెబితే వినని మాట బుట్ట చెబితే విన్నారు.

వచ్చే కమిటీ మీటింగ్‌కి నేను వెళ్తాను. మూడో అంతస్తు, ఐదో అంతస్తు వాళ్ళని కూడా రమ్మన్నాను. ఈసారి ట్రేల ఖర్చు కంటే ముందు ఒక జాబితా అడుగుతాం: ప్రతి ఫ్లాట్ నుంచి చెత్త వేరు చేసే బాధ్యత తీసుకునే ఒక మగమనిషి పేరు, ఫ్లాట్ నంబరుతో సహా. ఆ జాబితా నిండితే షెడ్డుకి మొదటి చందా నేనే ఇస్తాను. మీ అపార్ట్‌మెంట్‌లో అడిగి చూడండి, ఎన్ని పేర్లొస్తాయో.